ఇమాం సాహెబు పెట్టిన సబ్బు

ఏలూరు కాలవగట్టు మీద ఇమాం సాహెబు షెడ్డంటే చుట్టుపక్కల మోటారున్న ప్రతివాడికీ తెలుసు. పైన నాలుగు రేకులు, కింద నూనె ఇంకి నల్లబడ్డ నేల, గోడకి మేకుల మీద వరసగా స్పానర్లు. బియ్యం మిల్లుల్లో ఆయిలింజన్ల దగ్గర పదేళ్లు చాకిరీ చేసి పని నేర్చుకున్నాడు. మోటార్లు రాగానే వాటిమీద పడ్డాడు. బడి మొహం చూడలేదుగాని చెవి మాత్రం మహా చురుకు. బండి వంతెన దిగుతుండగానే, కూర్చున్నచోటి నుంచి లేవకుండా "మూడో ప్లగ్గు పోయిందండి" అనేవాడు. విప్పి చూస్తే మూడోదే పోయి ఉండేది. ఈ సంగతి ఊళ్లో కథలుగా చెప్పుకునేవారు. అలా చెప్పుకునేవాళ్లలో అందరికంటే ముందుండేది ఆయనే అనుకోండి, అది వేరే మాట.

ఇంత పనితనం ఉన్న మనిషికి ఒకటే లోపం. "తెలియదు" అన్న మాట నోట్లోంచి ఊడిపడేది కాదు. అంతుపట్టని జబ్బుకి కూడా ముందు ఏదో ఒక పేరు పెట్టేసి, ఆ పేరు నలుగురికీ చెబుతూ చేతులు ఆడిస్తూ ఉండేవాడు. చాలాసార్లు ఈలోగా అసలు జబ్బు దొరికేది, పరువు దక్కేది. ఒక్కసారి మాత్రం దొరకలేదు. ఆ ఒక్కసారికీ ఆయన బదులు ఇంకొకడు శిక్ష అనుభవించాడు.

ఉండిలో అబ్బాయిరాజుగారని ఒక పెద్ద రైతు. వయసు ముప్ఫై దాటలేదు, సరదాలకి లోటు లేదు. 1936లో సీమ నుంచి ఓడ మీద ఒక స్పోర్ట్సు కారు తెప్పించుకున్నాడు. ఎర్రటి రంగు, రెండే సీట్లు, పైన కప్పు లేదు. కూర్చుంటే రోడ్డు చేతికి తగిలేటట్టు ఉంటుంది. సీట్ల వెనక బల్లపరుపుగా పెట్రోలు ట్యాంకు, దాని మూత బయటికే కనిపిస్తూ ఉంటుంది. ఆ మూతని గుర్తు పెట్టుకోవాలి.

ఈ కారుకి డ్రైవరు ఎలీయాజరు. ఆకివీడు అవతల, కొల్లేటి అంచున ఉన్న క్రైస్తవుల పేట వాళ్లది. ఒక మిషను డాక్టరు దొరగారి బండి తుడుస్తూ తుడుస్తూ స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు. ఆ పేటలో ఖాకీ కోటు తొడిగిన మొదటి మనిషి అతనే. వాళ్లమ్మ ఆ కోటుని చిలక్కొయ్యకి తగిలించి, దాని కింద గోడకి ఎవరినీ ఆనుకోనిచ్చేది కాదు. రాజుగారు నడిపితే పక్క సీట్లో ఎలీయాజరు, ఎలీయాజరు నడిపితే పక్క సీట్లో రాజుగారు. పేటవాడు రాజుగారి భుజానికి భుజం ఆనించి కూర్చోవడమేమిటని గొణిగినవాళ్లు గొణిగారు. కారులో మూడో చోటు లేదు మరి, ఏం చేస్తారు!

ఆ ఏడు శ్రావణంలో కారు ఇమాం సాహెబు షెడ్డులో ఉండగా వానలు ముంచెత్తాయి. పెంటపాడు దగ్గర కాలవకి గండిపడి రోడ్డు కొట్టుకుపోయింది. రాజుగారికి ఓపిక లేదు. ఇంటికి చుట్టాలొచ్చి ఉన్నారు, వాళ్లకి కారు చూపించాలి. "కొల్లేటి మీంచి దాటించెయ్యండి సాయిబుగారూ, మేం అవతల ఒడ్డున ఉంటాం" అని చెప్పి, ఎలీయాజరుని వెంటబెట్టుకుని బెజవాడ మీదుగా రైల్లో చుట్టు తిరిగి వెళ్లిపోయాడు.

అదేమీ కొత్త పని కాదు. లంకల్లోకి ఆయిలింజన్లు చేరవెయ్యడానికి ఏలూరు మెకానిక్కులకి ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది. రెండు పెద్ద నావలు పక్కపక్కన కట్టి, వాటిమీద బల్లలు పరిచి, బరువుని మధ్యన నిలబెడతారు. కొల్లేట్లో గాలి లేస్తే నీళ్లు ఎగిరి మీద పడతాయి. ట్యాంకు మూతకి గాలి ఆడటానికి సన్నటి చిల్లు ఒకటి ఉంటుంది. అందులోంచి నీళ్లు దిగితే ఇంజను పని సరి. అందుకని ఆ చిల్లుకి లోపలివైపు నుంచి బట్టల సబ్బు ముక్క బొటనవేలితో నొక్కిపెడతారు. సబ్బు పెట్రోలుకి కరగదు. అవతలి ఒడ్డు చేరగానే, ఇంజను తిప్పేముందు, గోటితో గీకి తీసేస్తారు. చిల్లు మూసుకుపోతే ట్యాంకులోకి గాలి రాదు, గాలి రాకపోతే పెట్రోలు బయటికి రాదు. ఇమాం సాహెబు ఇరవై ఏళ్లలో ఎన్ని ట్యాంకులకి సబ్బు పెట్టాడో అన్నిటికీ తీశాడు.

ఈ ఒక్కదానికి మాత్రం తియ్యలేదు. సత్తియ్య అనే పడవవాడు తన మనుషులతో గెడలు వేసి ఆకివీడు వైపు ఒడ్డుకి చేర్చేసరికి అక్కడ జనం విరగబడి ఉన్నారు. కారు నేలమీదికి దిగగానే రాజుగారి చుట్టాలు చప్పట్లు కొట్టారు. ఎవరో గోళీసోడా కొట్టి చేతికిచ్చారు. "జిల్లాలో ఇలాంటి మెకానిక్కు ఇంకోడు లేడండి" అని రాజుగారు అందరికీ వినబడేటట్టు అన్నాడు. ఇమాం సాహెబు మొహం ఇంత చేసుకుని, సోడా తాగుతూ, గాలి ఎట్లా లేచిందో, బండి ఎట్లా ఊగిందో చెప్పడం మొదలుపెట్టాడు. ఈలోగా రాజుగారు కారెక్కి స్టార్టు చేసి వెళ్లిపోయాడు. సబ్బు సంగతి ఎవరికీ తెలియదు, తెలిసిన ఒక్కడూ మరిచిపోయాడు.

కొన్నాళ్లకి రోడ్డు బాగయింది, కారుకి జబ్బు పట్టుకుంది. పదీ పన్నెండు మైళ్లు బాగానే పోతుంది. ఆ తర్వాత వేగం కోసం కాలు నొక్కితే ముందుకి దూకాల్సింది పోయి తటపటాయిస్తుంది. దగ్గుతుంది. మరీ నొక్కితే ఆగిపోతుంది. ఎలీయాజరు దిగి, పెట్రోలుందో లేదో చూద్దామని మూత తీసి పుల్ల పెడతాడు. పెట్రోలు ఉంటుంది. మూత బిగించి స్టార్టు చేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ పరిగెడుతుంది.

షెడ్డుకి తెచ్చారు. బండి రాగానే ముందు మూత తీసి పుల్ల పెట్టి చూడటం ఇమాం సాహెబు అలవాటు. అలాగే చేశాడు. పుల్ల చూశాడు, మూత చూడలేదు. కార్బొరేటరు విప్పి జెట్లు ఊదాడు, పాయింట్లు ఆకురాయితో సాపు చేశాడు, ప్లగ్గులు మార్చాడు. దెందులూరు దాకా తోలితే ఏ పేచీ పెట్టలేదు. "జెట్టులో నలుసండి" అన్నాడు. నాలుగో రోజుకి మళ్లీ వచ్చింది. మళ్లీ మూత తీసి పుల్ల పెట్టి, "కాయిలండి" అన్నాడు. కాయిలు మార్చాడు. మళ్లీ వచ్చింది. ఈసారి ఇంజనుకి ఎటువైపు చెవి పెట్టినా తప్పు వినపడలేదు. ఆయనకి లోలోపల భయం పట్టుకుంది. ఏలూరంతా తన చెవి గురించి చెప్పుకుంటుంటే, ఆ చెవి ఎర్ర కారు దగ్గర మొరాయించింది.

ఆ మూడోసారి రాజుగారు ఊరికే లేడు. షెడ్డు ముందు ఎనమండుగురు దాకా పోగయ్యారు.

"నిన్న పెంటపాడు దగ్గర ఆగిందండి. నేను దిగి చూస్తూనే ఉన్నాను. వీడు వెనక్కెళ్లి ట్యాంకు మూత తీశాడు, ఏదో చేశాడు, మూశాడు. బండి కదిలింది. ప్రతిసారీ ఇదే వరసండి. వీడు మూత ముట్టుకుంటేగాని నా బండి కదలదు! పెట్రోలు తోడి అమ్ముకుని కిరసనాయిలు పోస్తున్నాడని మావాళ్లు అంటున్నారు. మీరు చెప్పండి సాయిబుగారూ. కిరసనాయిలు కలిస్తే బండి ఇలా చేస్తుందా, చెయ్యదా?"

అందరూ ఇమాం సాహెబు వైపు తిరిగారు. అంతకుముందే ఆయన పుల్ల తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. శుభ్రమైన పెట్రోలు. కిరసనాయిలు జాడ లేదు. పైగా కిరసనాయిలు పోస్తే నడిచే బండి ఆగుతుందిగాని, ఆగిన బండి నడవదు. అదీ ఆయనకి తెలుసు. "జబ్బేమిటో నాకు తెలియడం లేదండి, కిరసనాయిలు మాత్రం కాదండి" అంటే సరిపోయేది. అంత మందిలో ఆ మొదటి సగం చెప్పడానికి నోరు రాలేదు.

"కిరసనాయిలు కలిస్తే ఇలాగే తటపటాయిస్తుందండి" అన్నాడు.

అందులో అబద్ధం లేదు. అందుకే అంత సులువుగా వచ్చేసింది.

ఎలీయాజరు ఒకడుగు ముందుకి వేశాడు. "సాయిబుగారూ, ఇందాక మీరు వాసన చూశారు కదండీ?" అన్నాడు. గొంతు పైకి కూడా లేవలేదు. నిజంగానే అడుగుతున్నాడు, ఈయన చెబితే అయిపోతుందని. ఇమాం సాహెబు చేతిలో ఉన్న స్పానరు తుడవడం మొదలుపెట్టాడు. దానికి మురికేమీ లేదు.

"ఇంక చాల్లేరా" అన్నాడు రాజుగారు. ఎలీయాజరు ఖాకీ కోటు విప్పాడు. గుండీలన్నీ మళ్లీ పెట్టి, మడత పెట్టి, డ్రైవరు సీటు మీద ఉంచాడు. బనీనుతోనే కాలవగట్టు వెంట స్టేషనుకేసి నడిచి వెళ్లిపోయాడు.

నెల తిరిగాక రాజుగారు తనే తోలుకుంటూ వచ్చాడు. "దొంగ పోయాడుగాని దగ్గు పోలేదండి. ఆగితే అరగంట కూర్చుంటేగాని కదలడం లేదు" అన్నాడు విసుగ్గా. ఇమాం సాహెబు చేతిలో పని పక్కన పెట్టాడు. ఈసారి విప్పదీసే పని పెట్టుకోలేదు, మూత కూడా ముట్టుకోలేదు. "బండి ఆగేదాకా నడపండి బాబూ, నేను పక్కన కూర్చుంటాను" అని ఎలీయాజరు కూర్చునే సీట్లో కూర్చున్నాడు.

తాడేపల్లిగూడెం రోడ్డు పట్టారు. భీమడోలు దాటాక ఆయన చెవికి ఒకటి తగిలింది. టిక్కుటిక్కుమంటూ పెట్రోలు తోడే పంపు నెమ్మదిస్తోంది. టిక్కుకీ టిక్కుకీ మధ్య ఎడం పెరుగుతోంది. షెడ్డు చుట్టూ తిరిగే చిన్న ట్రయళ్లలో ఇది ఎన్నడూ వినలేదు. కాసేపటికి బండి తటపటాయించింది, దగ్గింది, ఆగింది. రాజుగారు దిగి, చేలో ఉన్న రైతుతో కొబ్బరిబోండాం కొట్టించుకుంటున్నాడు. ఇమాం సాహెబు వెనక్కి వెళ్లి ట్యాంకు మూత మీద చెయ్యి వేశాడు.

మూత తిప్పగానే ట్యాంకు హుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది.

ఇంక ఆయనకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. మూత తిరగేశాడు. చిల్లు ఉండాల్సిన చోట సబ్బు నల్లబడి గట్టిపడి ఉంది. దాని మీద తన బొటనవేలి నొక్కు అలాగే ఉంది. ప్రతిసారీ ఎలీయాజరు మూత తీస్తే గాలి లోపలికి వెళ్లింది, వెళ్లింది కాబట్టి బండి నడిచింది. ఆ కుర్రాడు చేసిన మంచిపనే అతని మీద సాక్ష్యమైంది. ఆ సాక్ష్యానికి ముద్ర కొట్టింది తన నోరు.

"ఏవైందండీ?" అని కేకేశాడు రాజుగారు.

సబ్బు గోటితో ఊడబెరికి రోడ్డు పక్క కాలవలోకి విసిరేశాడు. "పంపులో చెత్తండి. తీసేశాను" అన్నాడు.

తాడేపల్లిగూడెం దాకా కారు ఎక్కడా తటపటాయించలేదు, దగ్గలేదు. రాజుగారు భుజం తట్టి, "దొంగనీ మీరే పట్టారు, రోగాన్నీ మీరే పట్టారు" అన్నాడు. ఆ మాట నలుగురిలో పదేపదే చెప్పాడు కూడా. ఇదివరకైతే ఇమాం సాహెబు దానికి ఇంకో నాలుగు చేర్చి చెప్పుకునేవాడు. ఇప్పుడు ఎవరన్నా ఎర్ర కారు ఊసెత్తితే బండి కిందికి దూరిపోయేవాడు.

ఇంటి దగ్గర ఆయన భార్య కమరున్నీసాకి సంగతి ఇంకో రకంగా తెలిసింది. ఆయన రోజూ షెడ్డు నుంచి రాగానే నూతి దగ్గర సబ్బుతో మోచేతుల దాకా తోముకుంటాడు. ఇప్పుడు సబ్బు ముట్టుకోవడం లేదు, రంపపుపొట్టుతో చర్మం లేచిపోయేలా రుద్దుకుంటున్నాడు. పళ్లెం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నాడు. వారం చూసి, పళ్లెం పక్కకి లాగేసి అడిగింది. అప్పుడు మొత్తం చెప్పాడు. చెబుతూ మధ్యలో "సబ్బు మరిచిపోవడం ఎవరికైనా జరిగేదే" అని రెండుసార్లు అన్నాడు.

"నాకు చెబితే ఏం లాభమండీ? ఆ పిల్లాణ్ణి పనిలోంచి తీసేసింది నేనా?" అంది కమరున్నీసా. పళ్లెం మళ్లీ ముందుకి తొయ్యలేదు.

మర్నాడు పొద్దున్నే ఇమాం సాహెబు సత్తియ్య పడవెక్కాడు. కొల్లేటి అంచున తుంగ కోస్తున్నవాళ్లలో ఎలీయాజరు కనిపించాడు. మోకాటిలోతు బురదలో కొడవలితో ఉన్నాడు. చేతులనిండా తుంగ గీరలు. పెట్రోలు దొంగన్న పేరు అతనికంటే ముందే అన్ని ఊళ్లూ తిరిగింది, ఇంక స్టీరింగు ఎవరిస్తారు? ఇమాం సాహెబుని చూసి ఒడ్డుకి వచ్చాడు, కొడవలి చంకలో పెట్టుకుని దణ్ణం పెట్టాడు.

"బండి దగ్గు తగ్గిందాండీ?" అన్నాడు మొట్టమొదట.

ఆ ప్రశ్నకి ఇమాం సాహెబుకి కళ్లనీళ్లు తిరిగాయి. సబ్బు సంగతి, సోడా సంగతి, కాలవలోకి విసిరిన సంగతి, ఏదీ దాచకుండా చెప్పాడు. ఎలీయాజరు తలవంచుకుని విన్నాడు. కాలి మీద పాకుతున్న జలగని పీకి పారేశాడు.

"సబ్బు మర్చిపోవడం ఏవుందండీ, నేనైనా మర్చిపోతానండి. వాసన సంగతి ఎందుకు చెప్పలేదండీ?"

ఇమాం సాహెబు వంగి గట్టు మీది తుంగపుల్ల ఒకటి తుంచాడు.

"ఆ రోజు ఇంటికెళితే మాయమ్మ కోటేదిరా అందండి. చెప్పాను. రాత్రి పక్కమీద కూర్చుని, నిజం చెప్పరా, తీశావా అని అడిగిందండి. మాయమ్మండి." అతను ముక్కు చీదుకున్నాడు. "పెద్ద మెకానిక్కు సాయిబుగారే అన్నారంటే ఉత్తినే అంటారా అందండి."

"నాతో ఉండికి రా తమ్ముడూ. రాజుగారి ముందర చెబుతాను."

"నేను రానండి. నేను పక్కనుంటే నేనే మీ చేత చెప్పిస్తున్నానంటారు. మీరెళ్లి చెప్పండి" అని మళ్లీ బురదలోకి దిగాడు.

ఉండిలో రాజుగారు అరుగుమీద చుట్టాలతో కూర్చుని ఉన్నాడు. ఇమాం సాహెబు నిలబడే చెప్పాడు. విని రాజుగారు నవ్వాడు. "మీది జాలిగుండెండి. వాళ్లమ్మ వచ్చి ఏడ్చి ఉంటుంది. వాడి తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారు" అన్నాడు. జీవితంలో మొదటిసారి నలుగురిలో తన తప్పు చెప్పుకుంటే నమ్మేవాడు లేకపోయాడు.

అప్పుడు జేబులోంచి బట్టల సబ్బు ముక్క తీశాడు. ఇంట్లో కమరున్నీసా కోసి ఇచ్చింది. అందరూ చూస్తుండగా కారు మూత తీసి, చిల్లుకి లోపలి నుంచి సబ్బు నొక్కి, మూత బిగించాడు. "ఎక్కండి బాబూ, మీరే నడపండి" అన్నాడు.

భీమవరం దాకా బాగానే నడిచింది. రాజుగారు ఓరగా చూస్తూ, "ఏదండీ మరి?" అన్నాడు. ఇమాం సాహెబు ముందుకి వంగాడు. పంపు చప్పుడు వింటున్నాడు. అన్నాళ్లూ బండ్లు బాగా నడవాలని కోరుకున్న మనిషి, ఆ పూట ఈ బండి ఆగాలని అల్లాకి మొక్కుకున్నాడు. భీమవరం దాటాక టిక్కుల మధ్య ఎడం పడింది. కారు తటపటాయించింది. దగ్గింది. ఆగింది.

"మీ చేత్తో మూత తియ్యండి" అన్నాడు.

రాజుగారు తీశాడు. హుస్సుమంది. మూత లోపల తెల్లటి సబ్బు. గీకేసి బిగించి స్టార్టు చేస్తే కారు పరిగెత్తింది.

"ఎలీయాజరు చేసింది ఇంతేనండి. మూత తీశాడు, వేశాడు. ఆ రోజు నేను వాసన కూడా చూశానండి. శుభ్రమైన పెట్రోలు."

"మరి చెప్పలేదేవండీ?"

"జబ్బేంటో తెలియదని అంతమందిలో చెప్పడానికి సిగ్గేసిందండి."

రాజుగారు కారు రోడ్డు పక్కకి తీసి ఆపాడు. ఆయన కళ్లముందూ ఆ మడత పెట్టిన కోటు మెదిలే ఉంటుంది. "నేనూ ఇంకోలా అడగాల్సిందండి" అన్నాడు చివరికి. మర్నాడు గుమస్తా చేత ఖాకీ కోటు పేటకి పంపించి, పనిలోకి రమ్మన్నాడు. తనే వెళ్లాల్సింది. అంత దూరం ఆయనా వెళ్లలేకపోయాడు.

ఇమాం సాహెబు ఆ ఎనమండుగురినీ వెతికి వెతికి షెడ్డుకి పిలిచి, జరిగింది చెప్పాడు. కొందరు నవ్వారు. ఒకరిద్దరు తమ బండ్లు వేరేచోటికి పట్టుకుపోయారు. పట్టుకుపోనీ అనుకున్నాడు. అప్పటినుంచి ఏదైనా అంతుపట్టకపోతే "తెలియడం లేదండి, రెండ్రోజులు ఉంచండి" అనేవాడు. ఆ మాట అన్నందుకు ఆకాశం ఏమీ విరిగి మీద పడలేదు.

సంక్రాంతి ఇంకా రాకుండానే ఎర్ర కారు వంతెన దిగింది. కోటు తొడుక్కుని ఎలీయాజరు ఒక్కడే తోలుకొచ్చాడు. ఇమాం సాహెబు గబగబా ఎదురెళ్లాడు. నవ్వుతూ, పాత చనువు కొద్దీ, "మూత తియ్యవయ్యా, పుల్ల పెట్టి చూద్దాం" అన్నాడు.

ఎలీయాజరు కదల్లేదు. "మీరు తియ్యండి సాయిబుగారూ" అన్నాడు.

కోపంతో అనలేదు. అలవాటుగా అన్నాడు. తర్వాత తెలిసింది, రోడ్డు మీద పెట్రోలు పొయ్యాల్సి వచ్చినా ఒంటరిగా మూత ముట్టుకోడని. దారినపోయే రైతునో, కిళ్లీకొట్టువాణ్ణో పిలిచి, "కాస్త ఇటు చూస్తూ ఉండండి" అని, వాళ్లు చూస్తుండగానే తీసి పోసి మూస్తాడట. ఎవరూ దొరక్కపోతే దొరికేదాకా ఎండలో కూర్చుంటాడట. రాజుగారు వద్దన్నా వినలేదు.

ఆ కారు నడిచినన్నాళ్లూ అంతే. షెడ్డుకి వచ్చిన ప్రతిసారీ ఇమాం సాహెబే మూత తీసేవాడు, వాసన చూసేవాడు, "పెట్రోలేనయ్యా" అని పైకి చెప్పేవాడు. ఎలీయాజరు రెండడుగుల దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉండేవాడు.